కాటన్ దొర గారి విగ్రహం: జమా ఖర్చుల వివరణ, కత్తి సంగతితో సహా

అందరికీ నమస్కారమండి. జూలై 24న, గోదావరి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ గారి విగ్రహం మన కాలువ గట్టు మీద ఆవిష్కరణ అయిన వారంలోపే లెక్కలు పెడతామని మైకులో చెప్పిన మాట నిజమే, నెల దాటిపోయింది, ఒప్పుకుంటున్నాం. సామియానా అతను ఫైనల్ బిల్లు ఇవ్వడానికి నాలుగుసార్లు తిప్పించుకున్నాడు, ఈలోపు సార్వా ఊడుపులు వచ్చిపడ్డాయి, కమిటీలో అందరం వ్యవసాయం ఉన్నవాళ్ళమే కదా. ఈ సందులో లాకుల దగ్గర టీ కొట్లో "కత్తి పేరు చెప్పి కమిటీ వాళ్ళు పదహారు వేలు మింగారు" అని ఎవరో అనడం, అది మా ఇళ్ళదాకా రావడం జరిగింది. విగ్రహం చేతిలో పొరపాటున వచ్చిన కత్తి తీయించిన ఖర్చు గురించి ఆ మాట. అన్నది ఎవరో మాకు తెలుసు, పేరు రాయం. రసీదులన్నీ ముందు పెట్టుకుని రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ముందు జమ. కిందటేడు జయంతి మిగులు 6,340. ఎకరానికి 100 చొప్పున రైతుల చందా 87,100. హైదరాబాద్‌లో, కువైట్‌లో, దోహాలో ఉన్న మన పిల్లలు పంపింది 61,500. మాజీ సైనికులు అందరూ కలిసి 11,116. డ్వాక్రా గ్రూపుల వాళ్ళు 9,000, అడక్కుండానే తెచ్చిచ్చారు, వాళ్ళకి ప్రత్యేకంగా దణ్ణం. ఆవిష్కరణ రోజు పళ్ళెంలో పడింది 4,870. మొత్తం 1,79,926. ఇది కాక ఒకాయన 20 బస్తాల సిమెంటు ఇచ్చారు, పేరు రాయొద్దన్నారు, డబ్బు రూపంలో రాలేదు కాబట్టి జమలో కలపలేదు.

ఇక ఖర్చు. విగ్రహం ఒప్పందం 78,000. దిమ్మ 34,260. శిలాఫలకాలు రెండు, ఒకటి 6,800 ఒకటి 4,200. వ్యాను మూడు ట్రిప్పులు 9,000. ఆవిష్కరణ రోజు సామియానా, కుర్చీలు, మైకు 11,400, పూలు దండలు 2,350, పులిహోర, మజ్జిగ, మధ్యాహ్నం భోజనాలు 13,850. ఫ్లెక్సీలు 3,200, స్కూలు పిల్లల వ్యాసరచన ప్రైజులు 4,500. బస్సు చార్జీలు, జిరాక్సులు, ధవళేశ్వరం కాటన్ మ్యూజియంకి ఇద్దరం వెళ్ళొచ్చిన ఖర్చు అన్నీ కలిపి 1,870. మే 15కి కట్టి పోగొట్టుకున్న సామియానా అడ్వాన్సు 5,000. కత్తి తీయించడానికి 16,500. మొత్తం 1,90,930. అంటే 11,004 లోటు. అది ప్రస్తుతానికి కోశాధికారి గారు జేబులోంచి వేశారు, ఆయనకి ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు కత్తి సంగతి. దీనికోసమే కదా అందరూ చదువుతున్నారు.

తప్పు మాదే, ముందే చెప్పేస్తున్నాం. ఆర్డరు ఇచ్చినప్పుడు కాగితం మీద "సర్ ఆర్థర్ కాటన్, మిలిటరీ ఇంజనీరు, పూర్తి యూనిఫాంలో, నిలబడి, ఆరడుగులు" అని రాసిచ్చాం. చేతిలో ఏముండాలో రాయలేదు. ఏప్రిల్‌లో శిల్పి గారు వాట్సాప్‌లో ఫొటో పంపారు, మొహం వరకే ఉంది, మొహం బాగుంది, గడ్డం బాగుంది, మేము కూడా చేతులు జోడించిన బొమ్మ ఒకటి కొట్టేసి ఊరుకున్నాం. మే 11న వ్యాను వచ్చింది, గోనెపట్టాలు విప్పితే దొర గారు కుడిచేత్తో కత్తి పైకెత్తి ఎవరి మీదకో దూకేటట్టు ఉన్నారు. నడుముకి ఒర కూడా. చూసిన వాళ్ళందరూ ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన "ఈయన మన గోదారికి ఆనకట్ట కట్టాడా, మన మీద దండెత్తాడా" అన్నారు, అక్కడితో మొదలైంది.

శిల్పి గారికి ఫోన్ చేస్తే "మిలిటరీ ఆయన అన్నారు కదండీ, మిలిటరీ అంటే కత్తి ఉండదా" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. మే 12 సాయంత్రం రామాలయం అరుగు మీద మీటింగు పెట్టాం, 23 మంది వచ్చారు, రాని వాళ్ళే ఇప్పుడు ఎక్కువ మాట్లాడుతున్నారు అది వేరే విషయం. ఉంచేద్దాం అన్నవాళ్ళు ఆరుగురు, తీయించాలన్న వాళ్ళు 14 మంది, ముగ్గురు మీ ఇష్టం అన్నారు.

ఉంచేద్దాం అన్నవాళ్ళ మాట కూడా రాయాలి, వాళ్ళు డబ్బు గురించే కాదు, న్యాయంగానే మాట్లాడారు. కాటన్ గారు చిన్నప్పుడే ఈస్టిండియా కంపెనీ మిలిటరీ స్కూల్లో చదివి, మద్రాస్ ఇంజనీర్స్‌లో చేరి 1821లో మద్రాసు వచ్చిన మనిషి, 1824 నుంచి జరిగిన బర్మా యుద్ధంలో పనిచేసిన మనిషి, కత్తి పట్టని వాడు కాదు కదా అని. నిజమే. కానీ మన ఊరికి, మన కాలువకి ఆయన ఏ పని మీద తెలుసు? మద్రాస్ శాపర్స్‌లో, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళంలో, చేసి రిటైరైన మన సుబేదార్ గారు అప్పుడు ఒక మాటన్నారు, మీటింగ్ అంతా దాని మీదే తేలింది. "శాపర్‌కి తుపాకీ ఎంతో పారా అంతే. మేము చేసిన సర్వీసులో ఎక్కువ భాగం బ్రిడ్జీలు, రోడ్లు, మందుపాతరలు తీయడం. ఆ రోజుల్లో ఇప్పట్లా వేరేగా సివిల్ ఇంజనీర్లు ఎక్కడున్నారు, చెరువైనా కాలువైనా రోడ్డైనా మిలిటరీ ఇంజనీర్ ఆఫీసర్లే చేయించేవాళ్ళు. ఆయన యూనిఫాం తీయకండి, కత్తి మాత్రం తీయండి." అని. మాజీ సైనికులు ఇచ్చిన 11,116లో పెద్ద వాటా ఆయనదే, అందుకని ఆయన మాట విన్నాం అని కొందరంటున్నారు, అది కూడా తప్పు, ఆయన డబ్బులిచ్చింది మీటింగ్ అయ్యాక.

కత్తి విడిగా ఊడొచ్చేది కాదండి. చెయ్యి, కత్తి కలిపే పోతపోశారు. మోచెయ్యి కింద నుంచి కోసి కొత్త చెయ్యి అచ్చు తీసి అతికించాలి, ఒర చెక్కేసి నడుము దగ్గర సాపు చేయాలి, విగ్రహం అంతటికీ మళ్ళీ రంగు వేయాలి, లేకపోతే అతుకు కనిపిస్తుంది. శిల్పి గారు 25,000 అడిగారు, బేరమాడి 16,500కి తెచ్చాం. రసీదు ఉంది. కొత్త చేతిలో ఏం పెట్టాలన్న దానిమీద ఇంకో రెండు రోజులు పోయాయి, సర్వే చేసే థియోడలైట్ పెట్టాలని టీచర్ గారు, అది చెయ్యడం కష్టమని శిల్పి గారు, చివరికి చుట్టిన ప్లాను కాగితం పెట్టించాం. అది చూసి పిల్లలు దొర గారి చేతిలో పూతరేకు ఉందంటున్నారు. అననివ్వండి, పూతరేకులూ గోదారి ఒడ్డువే కదా.

గుర్రం ఎందుకు లేదని కూడా అడుగుతున్నారు. జిల్లాలో చాలాచోట్ల గుర్రం మీద ఉంటారు, నిజమే. గుర్రంతో అయితే రెట్టింపు పైన చెప్పారు. అంతే కారణం.

రెండో గొడవ తేదీ. మే 15 కాటన్ గారి పుట్టినరోజు, 1803. ఆ రోజుకి అంతా సిద్ధం చేసుకున్నాం, విగ్రహం వెనక్కి పోయింది. శిల్పి గారికి ముందు ఒప్పుకున్న వేరే ఆర్డర్లు ఉన్నాయి, జూలై 20 తర్వాతే ఇస్తానన్నారు. మే 15న పాత ఫొటోకి దండేసి దణ్ణం పెట్టుకుని, సామియానా అడ్వాన్సు 5,000 వదులుకున్నాం. వాళ్ళు తిరిగివ్వం అన్నారు, పెళ్ళిళ్ళ సీజన్లో వేరే బేరం పోగొట్టుకున్నామని వాళ్ళ బాధ వాళ్ళది. కాటన్ గారు పోయింది 1899 జూలై 24, 96 ఏళ్ళ వయసులో, అందుకని ఆ రోజు పెట్టుకున్నాం. జయంతి కాస్తా వర్ధంతి చేశారని వెక్కిరించారు, సరే, వాన కూడా పడింది, కానీ ఆ వానలో కూడా జనం కదల్లేదు, అది చూసిన వాళ్ళకి తెలుసు. పురోహితుడు గారు గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని భగీరథుడితో పోల్చి చెప్పే శ్లోకం చదివితే కువైట్ నుంచి వీడియో కాల్లో చూస్తున్న కుర్రాళ్ళు కూడా చేతులు జోడించారు.

దిమ్మ ఖర్చు. 22,000 అవుతుందని చెప్పి 34,260 చేశారు అన్నది మూడో ఆరోపణ. కాలువ గట్టు మట్టి అని అందరికీ తెలుసు, అడుగున ఇసుక తగులుతుందని తవ్వితే గానీ తెలియలేదు. మూడడుగులు అనుకున్న పునాది అయిదున్నర అడుగులకి దింపాల్సి వచ్చింది. కాలువలు కట్టేసి ఉండగానే పూర్తి చేయాలి, జూన్‌లో నీళ్ళు వదిలితే గట్టు తవ్వనివ్వరు, అందుకని మేస్త్రి గారు మనుషుల్ని పెంచి మే నెలాఖరుకి లేపేశారు. ఉచితంగా వచ్చిన సిమెంటు లేకపోతే ఇంకా అయ్యేది. కాటన్ గారి గొప్పంతా ఇసుకలో పునాది వేయడంలోనే ఉంది, తంజావూరు దగ్గర చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట చూసి, వదులు ఇసుకలో రాతికట్ట ఎట్లా నిలబడుతుందో వాళ్ళ దగ్గర నేర్చుకున్నామని ఆయనే చెప్పుకున్నారు. ఆ నేర్పుతో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్ట కట్టారు, తర్వాత మన ధవళేశ్వరంలో 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశారు. అంత పెద్దాయన లెక్కలే ఎస్టిమేటు దాటాయని పైవాళ్ళు సంజాయిషీలు అడిగారు, అడిగినంత మంది ఇంజనీర్లనీ ఇవ్వలేదు. రిటైరైన తర్వాత కూడా వదల్లేదు, 1878లో, 75 ఏళ్ళ వయసులో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబెట్టి కాలువల మీద ప్రశ్నలు వేశారు. మేము ఆయనతో పోల్చుకోవడం లేదండి, ఖర్చు పెరిగిన ప్రతి చోటా దొంగతనం ఉండదని చెప్పడానికి రాస్తున్నాం.

రెండో ఫలకం 4,200 ఎందుకన్నది కూడా చెప్పాలి, అది మీటింగ్‌లో పెట్టకుండా కమిటీ సొంతంగా చేసిన పని. మొదటి ఫలకం మీద కాటన్ గారి పేరు, సంవత్సరాలు, ఆనకట్ట. అది చదివిన తర్వాత మాకే ఏదో వెలితిగా అనిపించింది. ఆనకట్ట పనిలో కాటన్ గారికి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న గారు లేకపోతే ఆ కూలీల్ని ఎవరు సమకూర్చేవాళ్ళు, దొరకీ జనానికీ మధ్య ఎవరు నిలబడేవాళ్ళు? రాళ్ళు మోసిన వేలమంది పేర్లు ఎక్కడా లేవు. అందుకని కింద చిన్న ఫలకం మీద వీరన్న గారి పేరు, ఆ కింద "పేరు తెలియని కూలీలందరికీ" అని వేయించాం. దీనికి తిట్టాలనుకుంటే తిట్టండి, ఆ 4,200 కమిటీ సభ్యులం ఆరుగురం 700 చొప్పున వేసుకుంటాం, ఆ మేరకు లోటు తగ్గించుకోండి.

తెల్లోడి బొమ్మకి మన డబ్బులెందుకు అన్న యువకులకి ఒక మాట. కంపెనీ మన మీద ప్రేమతో ఆనకట్ట కట్టించలేదు, పన్నులు రాలుతాయని కట్టించింది, అది మాకూ తెలుసు. 1821లో రాజమండ్రి జిల్లాలో ఏడు లక్షల పైచిలుకు ఉన్న జనం 1841కి అయిదున్నర లక్షలకి దిగిపోయారు, కరువులు, తుపాన్లు, వలసలు. ఆ లెక్కలు చూపించి పైవాళ్ళతో పోట్లాడి పని మంజూరు చేయించుకున్న వాళ్ళలో ఈయన ఒకరు. రైళ్ళ కన్నా కాలువలు ముందు అని బతికున్నంత కాలం వాదించారు. రిటైరై ఇంగ్లండ్ వెళ్ళాక కూడా డార్కింగ్‌లో లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ కూర్చున్నారు, తొంభై దాటాక కూడా. అంత వయసులో మన ఊళ్ళో ఎవరన్నా పొలం గట్టెక్కుతున్నారా?

చివరగా బాకీలు. ఆయకట్టు 1,164 ఎకరాలకి గాను 871 ఎకరాల చందాయే వచ్చింది. 293 ఎకరాలది, అంటే 29,300 రావాలి. ఇందులో శివారు భూముల వాళ్ళు కొందరున్నారు, వాళ్ళకి నీళ్ళే సరిగ్గా అందట్లేదు, వాళ్ళని అడగం. మిగతా ఎక్కువ భాగం పొలం కౌలుకిచ్చి పట్నాల్లో ఉన్న ఆసాములది. కౌలు రైతు తన వంతు అని ఇచ్చాడు, ఆసామి మాత్రం "కౌలుదారుని అడగండి" అన్నాడు. ఇది బాగోలేదండి. కమిటీ చేత సన్మానం చేయించుకుని శాలువా కప్పించుకున్న ఇద్దరు కూడా చెప్పిన మొత్తం ఇంకా పంపలేదు, వాళ్ళకి ఫోన్ చేస్తే బిజీ వస్తోంది. ఆ 29,300 అంతా వస్తే లోటు 11,004 పోయి 18,296 మిగులుతుంది, శివారు వాళ్ళది పోతే ఆ మేరకు తగ్గుతుంది. దాంతో విగ్రహం చుట్టూ ఇనప గ్రిల్లు, ఒక లైటు పెట్టిద్దాం, మేకలు దిమ్మ ఎక్కేస్తున్నాయి.

రసీదు పుస్తకాలు మూడూ, బిల్లులూ పంచాయతీ ఆఫీసు పక్క లైబ్రరీలో పెట్టాం. సాయంత్రం 4 నుంచి 6 దాకా ఎవరైనా చూసుకోవచ్చు, టీ కొట్లో చూసుకోవాల్సిన పని లేదు.

కోసేసిన కత్తి ఎక్కడుంది, అది కూడా అమ్ముకున్నారా అని అడిగారట. కార్యదర్శి గారి పశువుల పాకలో అటక మీద ఉంది, చెయ్యితో సహా. దసరాకి వేలం వేద్దామంటే వేద్దాం, ఎంతొస్తే అంత జమలో రాస్తాం.