ముధోల్ కుక్కను ఆరుబయట గొలుసు విప్పి వదలకండి

సంపాదకులకు నమస్కారం.

మా కర్నూలు ఊరి బయట, ప్లాట్లు వేసి ఇళ్లు కట్టకుండా వదిలేసిన వెంచర్లలో తెల్లారి ఐదున్నరకల్లా కుర్రాళ్లు బైకుల మీద ముధోల్ కుక్కల్ని తీసుకొచ్చి, గొలుసు విప్పి, అవి పరిగెత్తుతుంటే ఫోన్లలో వీడియోలు తీసుకుంటుంటారు. చూడ్డానికి చాలా బాగుంటుంది, కాదనను. నడుము విల్లులా వంగి, నాలుగు కాళ్లూ ఒక్కసారే నేల వదిలి గాల్లో ఉండే ఆ క్షణం కోసం నేనూ రెండున్నరేళ్లు రోజూ అక్కడికే వెళ్లాను. ఇప్పుడు మాత్రం కనబడిన ప్రతి కుర్రాడికీ "విప్పొద్దు నాయనా" అని చెబుతున్నాను. "మాది పిలిస్తే వచ్చేస్తుంది అన్నా" అంటారు. నాదీ పిలిస్తే వచ్చేదే.

దాని పేరు బాణం. రెండు నెలల పిల్లప్పుడు తెచ్చుకున్నాను. ఇంట్లో పాప దాని చెవులు పట్టుకు లాగినా మూలగని కుక్క. ఈల వేస్తే ఎంత దూరంలో ఉన్నా వెనక్కి తిరిగి వచ్చేది, ఆ ధైర్యంతోనే విప్పేవాణ్ణి. ఒకరోజు పొద్దున వెంచర్ చివర తుమ్మచెట్ల వెనక నుంచి మేకల మంద వచ్చింది. మంద అంతా మెల్లగా మేస్తోంది, బాణం పట్టించుకోలేదు కూడా, నా పక్కనే నిలబడి ఉంది. అంతలో ఒక మేకపిల్ల ఊరికే, పిల్లలు గెంతినట్టు గెంతి పక్కకి ఉరికింది. అంతే. నేను ఈల వేశాను, పేరు పెట్టి అరిచాను, వెనకాల పరిగెత్తాను. నేను అక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. మేకలు కాసే పెద్దాయన కర్ర కింద పెట్టి ఆ పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు. నేను జేబులో ఉన్నదంతా తీసి ఇస్తే తీసుకున్నాడు గానీ ఒక మాట అన్నాడు: "దుడ్లు ఇస్తావులే నాయనా, ఆ తల్లి మేక రెండు దినాలు అరుస్తాది, దానికేం చెప్పేది?" ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ తర్వాతే నేను నా కుక్క గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను, నిజానికి కొనే ముందు చేయాల్సిన పని అది. మామూలు కుక్క ముక్కుతో వాసన పట్టి పోతుంది. ఈ జాతి జాగిలాలు కంటితో వేటాడతాయి. ముధోల్, రాంపూర్, తమిళనాడు చిప్పిపారై, బయటి దేశాల గ్రేహౌండ్, సలూకీ, విప్పెట్ అన్నీ ఒకటే కోవ. దూరాన ఏదైనా కదిలితే చాలు, దాని వెంట పడాలన్నది వాటి రక్తంలోనే ఉంది. ఒక్కసారి పరుగు అందుకున్నాక కన్ను తప్ప ఇంకేదీ పనిచేయనట్టే ఉంటుంది, మన పిలుపు వినబడినా వినబడనట్టే. ఇది మొండితనమూ కాదు, మన మీద ప్రేమ లేకపోవడమూ కాదు. ఎన్నో తరాలుగా మనుషులే ఏరికోరి అలాంటి కుక్కల్నే పెంచుతూ వచ్చారు, మనిషి సైగ కోసం ఆగకుండా తనంతట తానే తరిమి పట్టేదే మంచి వేటకుక్క అని మెచ్చుకున్నారు. ఇప్పుడు మనం వచ్చి, నేను పిలవగానే ఆగు అంటే అదెలా ఆగుతుంది?

వేగం సంగతి కూడా చూడండి. గ్రేహౌండ్ గంటకు 70 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. 1989లో మన దగ్గర పెట్టిన పోలీసు దళానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. మన ముధోల్ కుక్క 50 కిలోమీటర్ల వేగంతోనే పరిగెత్తుతుందనుకున్నా సెకనుకు దాదాపు 14 మీటర్లు. మీరు "ఏయ్, రా" అని రెండుసార్లు అనేలోపు నాలుగు సెకన్లు పోతే అది యాభై మీటర్లకు పైగా దాటిపోయి ఉంటుంది. మా వెంచర్ల పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి. కుందేలుకు రోడ్డు అడ్డం కాదు, దాని వెంట పడ్డ కుక్కకూ కాదు.

ముధోల్ అంటే మన నిర్మల్ జిల్లా ముధోల్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇది కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాలో ఉన్న ముధోల్. అక్కడి సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని నిలబెట్టాడు, ఒక జంటను ఐదో జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చాడు. 2005లో తపాలా శాఖ ఈ కుక్క బొమ్మతో స్టాంపు వేసింది, 2016లో సైన్యం శిక్షణ కోసం మీరట్‌కు తీసుకెళ్లింది, 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో దీని పేరు చెప్పారు. ఇవన్నీ గర్వపడాల్సినవే. కానీ ఆ మోజులో కొన్నవాళ్లలో ఎంతమందికి ఇది ఏ పని కోసం పుట్టిన కుక్కో అమ్మినవాళ్లు చెప్పారు? నాకైతే ఎవరూ చెప్పలేదు. పచ్చి గుడ్డు పెట్టమన్నారు, రోజూ పరిగెత్తించమన్నారు, అంతే.

హరిహర బుక్కరాయల వేటకుక్కల్ని తుంగభద్ర ఒడ్డున ఒక కుందేలు ఎదురు తిరిగి తరిమిందని, అది వీరభూమి అని విద్యారణ్యులు అక్కడే విజయనగరం కట్టించారని చిన్నప్పుడు కథ విన్నాం. ఆ కథలో కుందేలు గెలిచింది. మా తుంగభద్ర ఒడ్డున ఇప్పుడు గెలిచేది కుక్కే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలును వేటాడటం నేరం, కృష్ణజింక అయితే మరీ పెద్ద నేరం. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు మాకు దగ్గర్లోనే ఉంది. అలాంటి గడ్డిమైదానాల అంచుల్లో నేల మీద గూడు పెట్టే పిట్టలు ఎన్నో ఉంటాయి. "నేను వేటకు పోలేదు సార్, కుక్కే పరిగెత్తింది" అంటే చచ్చిన జింకపిల్లకు ఏం తేడా?

కుక్కకు జరిగే నష్టం గురించి కూడా రాయాలి, ఎందుకంటే దాని మీద ప్రేమతోనే విప్పుతున్నాం అంటారు కదా. వీటికి ఒంటి మీద కొవ్వు ఉండదు, తోలు పల్చన. ఆ వేగంలో ముళ్లకంచె తగిలితే గీత పడదు, తోలు గుడ్డ చిరిగినట్టు చిరిగిపోతుంది. కంకర గుట్టలో కాలు పడితే ఎముక విరుగుతుంది. మా సీమలో గట్టు లేని పాత బావులు ఎన్ని ఉన్నాయో పొలాల్లో తిరిగేవాళ్లకు తెలుసు, కంప చెట్లు కమ్మేసి దగ్గరికి వెళ్తే గానీ కనబడవు. మార్చి దాటితే ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏడు గంటలకే నేల కాలుతుంది. తరుముతూ పోయే కుక్క తనకు వడదెబ్బ తగిలేదాకా ఆగదు.

కొందరు ట్రైనింగ్ ఇస్తే అన్నీ సరిపోతాయంటారు. ట్రైనింగ్ ఇవ్వాల్సిందే, నేనూ ఇచ్చాను, పదిసార్లలో తొమ్మిదిసార్లు పనిచేసింది. ఆ పదోసారే మేకపిల్ల చనిపోయింది. మా గ్రూపులో ఒకాయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు నెలల తరబడి నాతో వాదించాడు, ఆయన మీద నాకేం కోపం లేదు, ఆ పదోసారి ఆయనకు ఇంకా రాలేదు, రాకూడదనే కోరుకుంటున్నాను. ఆ రోజు కదిలింది మేకపిల్ల. సైకిలు మీద పోయే చిన్నపిల్లాడి వెంట పడితే? కరవకపోయినా, ఆ వేగంతో వచ్చి తగిలితే చాలు. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం, మన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

అయితే దాన్ని రోజంతా గేటు దగ్గర గొలుసుతో కట్టేసి ఉంచాలా? వద్దు, అది ఇంకా పెద్ద పాపం. పరిగెత్తడానికి పుట్టినదాన్ని పరిగెత్తనివ్వాలి, కాకపోతే చుట్టూ గోడ ఉన్నచోట. ఇది గంటల కొద్దీ పరిగెత్తే జీవి కాదు, కొద్ది నిమిషాలు ఒళ్లు మరిచి ఉరికి, ఆ తర్వాత సగం రోజు నిద్రపోతుంది. బాణానికి ఇప్పుడు పొద్దున, సాయంత్రం పొడవైన నడక, వారానికి రెండుసార్లు తెలిసినవాళ్ల మామిడితోటలో పరుగు. ఆ తోటకు ఆరడుగుల ప్రహరీ ఉంది, వెళ్లగానే ముందు గేటు వేసి, కోళ్లూ పిల్లులూ లేవని చూసుకుని, అప్పుడే విప్పుతాను. ప్రహరీ దొరకనివాళ్లు పొడవాటి తాడు వాడొచ్చు. కానీ దాన్ని మెడ బెల్టుకు కట్టొద్దు, పూర్తి వేగంలో తాడు బిగుసుకుంటే మెడకు దెబ్బ తగులుతుంది, ఛాతీకి వేసే హార్నెస్‌కే కట్టాలి. ఇంకొకటి, వీటి తల మెడకంటే పెద్దగా వెడల్పు ఉండదు, మామూలు బెల్టులోంచి వెనక్కి లాగి ఇట్టే బయటపడతాయి. లాగితే కొద్దిగా బిగిసే మార్టింగేల్ బెల్టు అడిగి కొనుక్కోండి.

హైదరాబాదు కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లోనే కుక్కల కోసం పార్కు కట్టింది. అంత హంగు మాకు అక్కర్లేదు. కర్నూలులోనో, నంద్యాల, అనంతపురంలోనో ఒక ఎకరం మున్సిపల్ స్థలానికి ఆరడుగుల కంచె, రెండు గేట్లు, ఒక నీళ్ల తొట్టి పెడితే చాలు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచితే చాలు. లైసెన్సు ఉన్న కుక్కల్నే రానివ్వమనండి, రుసుము పెట్టమనండి, కడతాం. నాతో పాటు ఇంకొంతమంది ముధోల్ పెంచేవాళ్లం సంతకాలు చేసిన వినతిపత్రం నగరపాలక సంస్థకు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. ఈ ఉత్తరం మీ పత్రికలో వస్తే దాని కాపీ కూడా జతచేసి ఇస్తాం. అప్పటిదాకా, వెంచర్లలో కలిసే తమ్ముళ్లూ, ఆ తుమ్మచెట్ల వైపు మేకలు ఆరున్నరకు వస్తాయి, దయచేసి గొలుసు చేతిలోనే ఉంచుకోండి.

ఇట్లు,
బాణాన్ని పెంచుతున్న ఒక పాఠకుడు,
కర్నూలు