పర్వర్దిగార్ అంటే సృష్టికర్త కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న మీ పత్రికలో వచ్చిన ఉర్సు వార్తలో ఒక ఖవ్వాలీ పంక్తికి తెలుగు అర్థం ఇస్తూ ‘పర్వర్దిగార్’ను ‘సృష్టికర్త’ అని రాశారు. ఇలాంటి అనువాదం చదవడం నాకిది మొదటిసారి కాదు. అందుకే ఈ ఉత్తరం.

ఇది పారసీక పదం. ‘పర్వర్దన్’ అంటే పెంచడం, పోషించడం. దానినుంచి పుట్టిన ‘పర్వర్దిగార్’ అంటే పెంచి పోషించేవాడు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పిల్లల పెంపకాన్ని ‘పర్వరిష్’ అంటారు కదా, అదీ ఇందులోనిదే. ఇరాన్‌లో విద్యాశాఖ పేరులోనూ ఈ మాట ఉంది: ‘ఆమూజేష్ వ పర్వరేష్’, అంటే చదువు, పెంపకం. సృష్టికర్తకు పారసీకంలో ‘ఆఫరీద్‌గార్’ అనే వేరే పదం ఉండనే ఉంది. ‘ఖుదా’కు మూలార్థం ప్రభువు. ఖురాన్ తొలి అధ్యాయంలోని ‘రబ్’ అనే అరబీ మాటకు పారసీక అనువాదాల్లో కనిపించేది ‘పర్వర్దిగారే’. ఆధ్యాత్మిక గురువు మెహెర్ బాబా 1953లో ఇచ్చిన ప్రార్థన ఈ సంబోధనతోనే మొదలై, ఆ వెంటనే అందరినీ కాపాడేవాడని దేవుణ్ణి కొలుస్తుంది. గోదావరి జిల్లాల్లోని బాబా భక్తులకు ఈ అర్థం చెప్పనక్కరలేదు.

మా వీధిలో బీడీలు చుట్టే ఒక పెద్దావిడ తల్లిదండ్రులు లేని మనవణ్ణి సాకుతున్నారు. చీకటి పడ్డాక ఒళ్లోని చాట పక్కన పెట్టి, కొంగుకు అంటిన తునికాకు పొడి దులుపుకుని, పిల్లవాడికి అన్నం కలుపుతారు. మొదటి ముద్ద పెట్టే ముందు రెండు చేతులూ చాచి ‘యా పర్వర్దిగార్’ అంటారు. నారు పోసినవాడు నీరు పోయడా అని మనవాళ్లు అంటారే, ఆవిడ పిలిచేది ఆ నీరు పోసేవాణ్ణి. అక్కడ ‘సృష్టికర్త’ అని రాస్తే ఆవిడ కంచంలోని అన్నం ముద్ద మాయమైపోతుంది.

మనకు మాటల కరువు లేదు. పోషకుడు ఉంది, విశ్వంభరుడు ఉంది. నన్నడిగితే ‘సాకేవాడు’ అన్న మాటే అందరికీ దగ్గరగా ఉంటుంది. దయచేసి ఆ వార్తకు ఒక సవరణ వేయండి. ఉర్సు వార్తలు రాసే విలేకరులకూ ఈ మాట అందజేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నిజామాబాద్