కాలు ఎగిరింది సరే, చెబితే కదిలిందా?

సంపాదకులకు నమస్కారం.

వెన్నుపాము దెబ్బతిన్నవారి గురించి రాసేటప్పుడు ‘కాలు కదిలింది, కోలుకుంటున్నారు’ అనే మాట తరచూ వాడుతుంటారు. ఆ కదలిక ఎక్కడ పుట్టిందో చెప్పకుండా అలా రాస్తే ఇంటిల్లిపాదికీ లేనిపోని ఆశ పెట్టినట్టే.

మోకాలి చిప్ప కింద డాక్టరు సుత్తితో తట్టగానే తొడ ముందరి కండరం కొద్దిగా సాగుతుంది. ఆ సాగుదలను జ్ఞాననాడి (కబురును లోపలికి మోసే నరం) వెనక వేరు గుండా వెన్నుపాముకు చేరవేస్తుంది. అక్కడ నాడికీ నాడికీ మధ్య ఉండే ఒకే ఒక్క సంధి దాటి, చాలకనాడి (కదలమనే ఆజ్ఞను మోసే నరం) ముందు వేరు గుండా బయటికి వచ్చి అదే కండరాన్ని బిగిస్తుంది. తొడ వెనక కండరాన్ని వదులు చేసే కబురూ అప్పుడే వెళుతుంది. సాగిన కబురును మోసుకొచ్చే జ్ఞాననాడి వేగం సెకనుకు 80 నుంచి 120 మీటర్లు. మెదడుకు సంగతి తెలిసేసరికి కాలు ఎగరడం మొదలైపోతుంది. అంటే మెదడుతో లంకె తెగినా ఈ ప్రతిచర్య ఆగదు.

అయితే పెద్ద దెబ్బ తగిలిన కొత్తలో ఆగుతుంది. దీన్నే స్పైనల్ షాక్ అంటారు. పైనుంచి వచ్చే ప్రేరణ ఒక్కసారిగా పోవడంతో దెబ్బకు దిగువన కాళ్లు మెత్తబడిపోతాయి. కొన్ని రోజులకో, వారాలకో కదలికలు తిరిగి వస్తాయి. కానీ అదుపు చేసే మెదడుతో లంకె లేదు కదా, అవి హద్దు మీరతాయి. దుప్పటి తగిలినా కాలు ముడుచుకుంటుంది. ఇంట్లోవాళ్లు సంబరపడేది సరిగ్గా ఇక్కడే. అయితే అన్ని దెబ్బలకూ ఇలా జరగదు: వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. అంతకు కింద దెబ్బ తగిలితే తెగేది నరాల వేర్లు కాబట్టి, ఆ నరాల పరిధిలో ఈ ఎగురుడు కూడా ఉండదు.

నిజమైన మార్పు తెలియాలంటే చూడాల్సినవి వేరు. ‘బొటనవేలు ఎత్తు’ అంటే ఎత్తగలరా? కళ్లు మూసుకుని ఏ వేలు ముట్టుకున్నారో చెప్పగలరా? అన్నిటికన్నా ముఖ్యం, మలద్వారం దగ్గర స్పర్శ తెలుస్తోందా, అడిగితే ఆ కండరాన్ని బిగించగలరా? అడగడానికి మొహమాటపడి చాలామంది దీన్ని వదిలేస్తారు. వదలకూడదు.

ఈ అదుపులేని ప్రతిచర్యే ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఒకటుంది. ఛాతీ భాగంలోని ఆరో నాడి స్థాయిలో గానీ, అంతకు పైన గానీ దెబ్బ ఉన్నవారికి మూత్రాశయం నిండితే చాలు, రక్తపోటు ఉన్నట్టుండి పెరగవచ్చు. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడడం, పై భాగంలో చెమటలు కనిపిస్తాయి. వీరికి మామూలు రక్తపోటే తక్కువ కాబట్టి, పై అంకె 140 ఉన్నా ప్రమాదమే కావచ్చు. పడుకోబెట్టకండి, అది ఇంకా పెంచుతుంది. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేలా చేసి, బిగుతు బట్టలు వదులు చేయాలి. మూత్రం గొట్టం మెలిపడిందేమో, సంచి నిండిందేమో చూడాలి. అవి బాగానే ఉంటే మలబద్ధకం, బిగుతు బూట్లు, ఒరుసుకున్న పుండు కారణం కావచ్చు. కారణం దొరక్కపోయినా, రక్తపోటు దిగకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇట్లు,
పునరావాస చికిత్స వైద్యులు