సగం లైను మార్చే పని ఇక ఒప్పుకోం

అమెరికాలో ఇళ్లకి నీళ్లు తెచ్చే సీసం పైపులు తవ్వి తీసేస్తున్నారట, మన బరంపురంలో కూడా ఉన్నాయా అండీ అని ఈమధ్య షాపుకొచ్చి చాలామంది అడుగుతున్నారు. ఎక్కువ ఇళ్లలో లేవు. మేం పని చేసే వీధుల్లో దాదాపు అన్నీ జీఐ పైపులు (జింకు పూత పూసిన ఇనప పైపులు), లేదా తర్వాత వేసిన పీవీసీ. కాని మరీ పాత ఇళ్లలో, రోడ్డు కింద ఉండే పెద్ద పైపు (మెయిన్) నుంచి మీటరు దాకా వచ్చే ముక్క ఒక్కోసారి సీసందే ఉంటోంది.

మొన్న ఒక పాత వీధిలో తవ్వితే అలాంటిదే బయటపడింది. మట్టి తుడిస్తే బూడిదరంగు. కత్తిమొనతో అలా గీకామో లేదో, మెత్తగా గీత పడి లోపల తళతళా మెరిసింది, అయస్కాంతం పెడితే అంటుకోలేదు. జీఐ అయితే అంటుకుంటుంది. మీటరు దగ్గర మీరూ ఇలాగే చూసుకోవచ్చు.

ఆ ఇంటాయన, "రోడ్డు కింద ముక్క వదిలెయ్యండి బాబూ, గేటు లోపల కొత్తది వెయ్యండి, ఖర్చు కలిసొస్తుంది" అన్నారు. వద్దని చెప్పాం, ఇకముందు ఎవరడిగినా అదే చెప్తాం. పాత సీసం పైపుని మధ్యలో కోస్తే ఆ కుదుపుకి లోపల పేరుకున్న పొర ఊడి, కొన్నాళ్లపాటు నీళ్లలో సీసం ఇంకా ఎక్కువగా వచ్చే ప్రమాదం ఉంది, అంటే డబ్బిచ్చి మరీ విషం పెంచుకున్నట్టే. అమెరికాలో కొత్తగా సీసం పైపులు వెయ్యడాన్ని 1986లోనే ఆపేశారు, ఉన్నవాటిని చాలావరకు పదేళ్లలో తీసెయ్యాలని మాత్రం 2024లో గాని రూలు రాలేదు, అదీ సగం కాదు, మొత్తం లైను.

"కాచిన నీళ్లే తాగుతాం కదా" అంటారు. కాస్తే క్రిములు చస్తాయి గాని సీసం పోదు, నీళ్లు మరిగి తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. పెద్దవాళ్లకంటే చిన్నపిల్లల ఒంట్లోకి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువ చేరుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, చదువు మీదా బుర్ర మీదా దెబ్బ కొడుతుంది. పాలపొడి కలిపి తాగించే పసిపిల్లలున్న ఇల్లయితే ఈ పని వాయిదా వెయ్యకండి.

ఇప్పుడు ఖర్చు సంగతి. రోడ్డు తవ్వాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి, అది రావడానికి టైము పడుతుంది, దాన్ని తొందరపెట్టడం మా చేతుల్లో లేదు. మొత్తం లైనంటే కూలీ, సిమెంటు పని కలిపి బిల్లు సగం లైనుకంటే బాగానే పెరుగుతుంది. పీవీసీ కూడా ఐఎస్ 4985 (నీటి పైపులకి పెట్టిన భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్నదే వేస్తాం, అది గుర్తులేని చవక పైపుకంటే ఖరీదే. పీవీసీ తయారీలో వేడికి చెడిపోకుండా సీసం కలిపే పద్ధతి ఉండేది, దాని మీద 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, పేరూ ఊరూ లేని సరుకులో ఏం కలిపారో ఎవరికి తెలుసు?

పని అయ్యాక కుళాయిల మూతికున్న జాలీలు విప్పి కడిగి, నీళ్లు ధారగా చాలాసేపు వదిలిపెడతాం, ఆ నీళ్లు మొక్కలకి పొయ్యండి, బిందెల్లో పట్టొద్దు. సీసమా కాదా అన్న అనుమానం ఉంటే మీటరు దగ్గర పైపుని గీకి ఫొటో తీసుకుని షాపుకి రండి, చూసి చెప్పడానికి డబ్బులు తీసుకోం.