ఈతకొలను మోటారు, కరెంటు బిల్లు
విజయవాడ, పటమట.

చిరంజీవి అమ్మాయికి నాన్న దీవించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. వేగం తగ్గించుకొనే కొత్త పంపు పెడితే బిల్లు తగ్గుతుందని కొలను కట్టినవారు చెప్పారనీ, దానికి లక్షన్నర అవుతుందనీ అన్నావు. ఆ డబ్బు కట్టే ముందు ఈ లెక్క ఒకసారి అల్లుడుగారికి కూడా చూపించు.

కిందటి ఆదివారం గోరంట్లలో మీ ఇంటికి వచ్చినప్పుడు మిగతా స్విచ్‌లన్నీ ఆపి, మోటారు ఒక్కటే గంటసేపు నడిపి మీటరు చూశాను. 1.4 యూనిట్లు కాలింది. రోజుకు పన్నెండు గంటలు నడుపుతున్నారు కనుక 16.8 యూనిట్లు, అంటే నెలకు 504. ఏసీలతోనే మీ వాడకం 400 యూనిట్లు దాటిపోతోంది కాబట్టి మోటారు కాల్చే ప్రతి యూనిట్‌కూ పై శ్లాబు ధర, 9 రూపాయల 75 పైసలు పడుతోంది. తగ్గించినా ఆ ధరకే తగ్గుతుంది.

అసలు పన్నెండు గంటలు ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. మీ కొలను 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు. దాదాపు 37 వేల లీటర్లు. పంపు గంటకు సుమారు 15 వేల లీటర్లు తోడుతుంది కనుక, రెండున్నర గంటల్లో కొలనుకు సరిపడా నీరు ఒక చుట్టు ఫిల్టరు గుండా పోతుంది. అయితే శుద్ధమైన నీరు మళ్ళీ పాత నీటిలోనే కలుస్తుంది కాబట్టి, ఒక చుట్టులో నిజంగా ఫిల్టరును తాకేది మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువే. అందుకని ఎండాకాలంలో రెండు చుట్లకు కొంచెం పైగా, అంటే ఆరు గంటలు పెట్టుకో. చలికాలంలో మూడు, నాలుగు గంటలు చాలు. దీనికి కావలసింది ఒక టైమరు మాత్రమే. నెలకు 252 యూనిట్లు, దాదాపు 2,450 రూపాయలు మిగులుతాయి. నీరు మసకబారితే ఒక గంట పెంచుకో. బందరు కాలువలో ఈదిన మాకు నీటిని తిప్పే ఖర్చే ఉండేది కాదనుకో!

క్లోరిన్ పగలు వేయిస్తున్నావు; ఎండకు అది చాలావరకు విరిగిపోతుంది. సాయంత్రం పిల్లలు ఈత ముగించాక వేయించి, ఆ ఆరు గంటల్లో రెండు గంటలు అప్పుడే నడిచేటట్లు చూడు. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంటే క్లోరిన్ బాగా పనిచేస్తుంది. ఫిల్టరులో ఇసుకను వారం వారం కడగనక్కరలేదు. శుభ్రంగా ఉన్నప్పటి ప్రెషరు కంటే గేజిలో ఎనిమిది, పది పౌండ్లు పెరిగినప్పుడు కడిగితే చాలు. ఫిల్టరు మూసుకుపోతే మోటారు కరెంటు ఎక్కువ లాగదు, నీరు తగ్గిపోతుంది. అదే కరెంటుకు తక్కువ పని జరుగుతుంది. వాల్వు సగం మూసినా అంతే.

కొలను కట్టినవారు చెప్పిన పంపు మంచిదే. వేగం సగానికి తగ్గిస్తే నీరు సగమవుతుంది, మోటారుకు కావలసిన శక్తి మాత్రం సూత్రం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నష్టాలు కలుపుకుంటే అయిదో వంతు అనుకో. అప్పుడు పన్నెండు గంటలు నడిపినా రోజుకు మూడున్నర యూనిట్లకు మించదు. కానీ వారు చూపిన పొదుపు పన్నెండు గంటల పాత అలవాటుతో పోల్చినది. అందులో సగానికి పైగా టైమరుతోనే వస్తుంది. ఆ తరువాత కొత్త పంపు మిగిల్చేది రోజుకు అయిదు యూనిట్లు, నెలకు పదిహేను వందల రూపాయల లోపు. లక్షన్నర తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది.

నీ మోటారు సింగిల్ ఫేజ్‌ది, కెపాసిటరు ఉంటుంది కనుక దానికి వేగం మార్చే డ్రైవ్ బిగించమని ఎవరైనా చెప్పినా ఒప్పుకోవద్దు, కాలిపోవచ్చు. రేపు ఎప్పుడో ఇది పాడైనప్పుడు, రీవైండింగుకు ఇవ్వకుండా త్రీ ఫేజ్ మోటారు, డ్రైవ్ కలిపి వేయించుకుందాం. అప్పుడు కూడా ఇసుక కడిగేటప్పుడు పూర్తి వేగం కావాలి.

టైమరు బిగించేవాడిని, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకరును తప్పించి వైరు కలపనివ్వకు. పిల్లలు నీళ్ళలో ఉంటారు. బిగించిన రోజు ఉదయం మీటరు రీడింగు రాసిపెట్టు, పై ఆదివారం నేనూ అమ్మా వచ్చి చూస్తాం.

ఇట్లు,
నాన్న