టికెట్ మూసేశారు, సమస్య అలాగే ఉంది: మీ కంపెనీకి ఒక పాత కస్టమర్ ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగానికి (అక్కడ మనిషంటూ ఎవరైనా ఉంటే వారికి),

విషయం: నా 2003 కార్వెట్ కారు కోసం మీరు అమ్మిన 90 ఎం.ఎం. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసేది), దాన్ని కారు వైరింగ్‌కి కలిపే అడాప్టర్ హార్నెస్ (వైర్ల కట్ట). అంతకన్నా ముఖ్యంగా, దాని గురించి అడిగిన పాపానికి మీరు నన్ను తిప్పుతున్న తిప్పలు.

అయ్యా,

ఇంగ్లీషులో రాసిన ప్రతి మెయిల్‌కీ మీ కంప్యూటరే జవాబిస్తోంది కాబట్టి ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీ గోడౌన్ డాలస్‌లో ఉంది, ఫోన్లు ఎత్తేది మాదాపూర్‌లో, యజమాని మనవాడే. ఇది చదవగలిగేవాళ్ళు మా దగ్గర లేరని మాత్రం దయచేసి చెప్పకండి.

సరుకు సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను, ఎందుకంటే నా బాధ దాని గురించి కాదు. పాత థ్రాటిల్ బాడీకి ఎనిమిది పిన్నులు. 2005లో సీ6 తరం కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్2 ఇంజిన్ రకం థ్రాటిల్‌కి ఆరే. పాతదాంట్లో రెండు పొజిషన్ సెన్సర్లకీ (లోపలి పలక ఎంత తెరుచుకుందో చెప్పేవి) ఐదు వోల్టుల లైను, గ్రౌండ్ విడివిడిగా ఉంటాయి, కొత్తదాంట్లో రెండూ కలిసి వాడుకుంటాయి. ఆ తేడాని సర్దడానికే మీ అడాప్టర్ హార్నెస్. మీరు పంపినదాంట్లో మోటారుకి వెళ్ళే రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. అంతే. తయారీలో ఇలాంటివి జరుగుతాయి, నాకు తెలుసు. ఒక ఫోన్ కాల్‌తో అయిపోవాల్సిన పని.

ఆ ఫోన్ కాల్ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మొదట మీ చాట్‌లోకి వెళ్ళాను. "హాయ్! నేను మీకు ఎలా సహాయపడగలను?" అంది. చెప్పాను. "మీ ఆర్డర్ డెలివరీ అయింది" అంది. తెలుసు తల్లీ, నా చేతిలోనే ఉంది అన్నాను. "మీకు సహాయపడినందుకు సంతోషం" అని చాట్ మూసేసింది. పోనీలే, యంత్రం కదా అని సరిపెట్టుకున్నాను. తర్వాత మాట్లాడిన మనుషులు యంత్రం కంటే మెరుగని అప్పట్లో అనుకున్నాను మరి.

ఫోన్ ఎత్తిన కుర్రాడు నా పేరు వినగానే "అన్నా, మీరు తెలుగువారా?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. పావుగంట మాట్లాడాం. వాళ్ళది ఖమ్మం దగ్గర, అమెరికాలో చలి ఎలా ఉంటుందని అడిగాడు, హెచ్1బి లాటరీ గురించి కూడా అడిగాడు. నా హార్నెస్ గురించి తప్ప అన్నీ అడిగాడు. చివర్లో "అన్నా, మీ కేసు ఎస్కలేట్ చేస్తున్నా, టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ ఎస్కలేట్ అయిన కేసు ఏ అంతస్తు దాకా వెళ్ళిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతని ముందున్న స్క్రీన్ మీద ఏం కనిపిస్తే అదే చదువుతాడు, పాపం. ఆ స్క్రీన్ రాసిన పెద్దమనుషుల మీదే నా కోపమంతా.

కొన్నాళ్ళకి మీ "టెక్నికల్ టీం" నుంచి మెయిల్. ఎంత ఆశగా తెరిచానో. అందులో ఉన్నది ఇది: థ్రాటిల్ కేబుల్ బిగువు సరిచూసుకోండి, ఎక్కువ లాగి ఉంటే వదులు చేయండి. అయ్యా టెక్నికల్ మహాశయులారా, ఈ కారులో కేబుల్ లేదు. 1997లో నా కారు తరం, అంటే సీ5 మోడల్, వచ్చినప్పటి నుంచీ లేదు. పెడల్ దగ్గర సెన్సర్లు, ఇంజిన్ దగ్గర మోటారు, మధ్యలో రెండింటికీ మధ్యవర్తిగా ఒక మాడ్యూల్ (చిన్న కంప్యూటర్ పెట్టె) ఉంటాయి. మీరు నాకు అమ్మిన వస్తువు పేరులోనే "ఎలక్ట్రానిక్" అని ఉంది. లేని కేబుల్‌ని ఎలా వదులు చేయాలో కూడా రాసి ఉంటే అదీ నేర్చుకునేవాణ్ణి.

ఓపిక పట్టి, అసలు జరుగుతున్నదేంటో వీడియో తీసి పంపాను. మీరు చూడలేదని నాకు తెలుసు, ఎందుకంటే మీ పేజీలో వ్యూస్ సున్నా అని కనిపిస్తోంది. చూడలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. గాలి గొట్టం ఊడదీసి, తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, మా ఆవిడని పెడల్ మెల్లగా తొక్కమన్నాను. నేను ముందు నిలబడి టార్చ్ వేసి చూస్తున్నాను. లోపలి పలక తెరుచుకోవాలి కదా. అది ఒక్క ఉలికి ఉలిక్కిపడి, టప్పున మూసుకుపోయింది. లోపల నుంచి మా ఆవిడ "ఏదో రాసింది చూడు" అంది. డాష్‌బోర్డ్ మీద "రెడ్యూస్డ్ ఇంజిన్ పవర్", అంటే ఇంజిన్ బలం తగ్గించేశానని కారు చెప్పడం. కోడ్ పీ1516, అంటే పలక ఉండమన్న చోట ఉండటం లేదని మాడ్యూల్ మొర. మల్టీమీటర్ పెట్టి ఒక్కో పిన్నూ చూసుకుంటే మోటారు వైర్ల సంగతి బయటపడింది. ఇదంతా వీడియోలో ఉంది. మీ టెక్నికల్ టీంకి జీతమిచ్చి చేయించాల్సిన పని నేను ఉచితంగా చేసి, మీ చేతుల్లో పెట్టాను.

దానికి మీ జవాబు: మీ వీఐఎన్ (కారు గుర్తింపు) నంబర్ పంపండి. పంపాను. బిల్లు పంపండి. అది ఇచ్చింది మీరే, అయినా పంపాను. బిగించిన సర్టిఫైడ్ మెకానిక్ ఇన్‌వాయిస్ పంపండి. అయ్యా, మీ సైట్‌లో "ఇంట్లోనే సులువుగా బిగించుకోండి" అని పెద్ద అక్షరాలతో రాశారు, అది నమ్మే కదా కొన్నది. మళ్ళీ ఫోన్ చేస్తే కేసు వారంటీ విభాగానికి పోయిందన్నారు. వారంటీ విభాగంలో ఒకావిడ, గొంతు చల్లగా ఉంది, "సార్, మీ వాహనం మోడిఫై చేయబడింది కాబట్టి వారంటీ వర్తించదు" అంది. మోడిఫికేషన్ పార్టులు అమ్ముకుని బతికే కంపెనీ, పార్టు బిగిస్తే వారంటీ పోయిందంటుంది! ఆ మాట విన్నాక ఫోన్ పెట్టేసి కాసేపు గ్యారేజీలో ఊరికే కూర్చున్నాను.

మరి పాత థ్రాటిలే బిగించుకోవచ్చు కదా సార్ అని ఇంకో మహానుభావుడి ఉచిత సలహా. పాతదానికి మూడు బోల్టులు. దాన్ని బిగించాల్సిన కొత్త ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌కి (ఇంజిన్ సిలిండర్లకి గాలి పంచే భాగం) నాలుగు. ఆ మేనిఫోల్డ్ కూడా మీ దగ్గర కొన్నదే, ఒకే బిల్లులో, ఒకే పెట్టెలో. కారు కదలదు. కదలని కారుకి ఇంజిన్ లైట్ ఒకటి. మా కాలిన్ కౌంటీలో ఇంజిన్ లైట్ వెలుగుతుంటే ఎమిషన్ (పొగ) టెస్ట్ పాసవదు, పాసవకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. ఇదీ చెప్పాను. "అర్థమైంది సార్, మీ ఇబ్బందికి చింతిస్తున్నాం" అన్నారు. మీ కంపెనీలో చింతించడానికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉన్నట్టుంది, అదొక్కటే చురుగ్గా పనిచేస్తోంది.

ఇంతా చేసి నేనడిగింది ఏంటి? డబ్బు వెనక్కివ్వమనలేదు. కొత్త కారు కొనిపెట్టమనలేదు. హార్నెస్‌లో ఏ పిన్ను ఎక్కడికి వెళ్తుందో చూపించే ఒక్క కాగితం. అది చేతిలో ఉంటే నేనే విప్పి సరిచేసుకునేవాణ్ణి. కానీ మీరు కనెక్టర్ వెనక జిగురు పోసి సీల్ చేశారు, కోస్తే వారంటీ చెల్లదని స్టిక్కర్ అంటించారు. గుడ్డిగా కోస్తే, మోటారుకి వెళ్ళే పన్నెండు వోల్టులు సెన్సర్ లైన్లోకి పడితే, ఇక మాడ్యూల్ మీద ఆశ వదులుకోవడమే. అందుకే అడిగాను. ఆ కాగితం "కంపెనీ అంతర్గత పత్రం" అన్నారు! ఆరు పిన్నుల బొమ్మ. అణు రహస్యం అనుకున్నారా?

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను మర్చిపోను. ఒక ఉదయం మెయిల్ వచ్చింది: మీ టికెట్ పరిష్కరించబడింది, మూసివేయబడింది. దాని వెంటే ఇంకోటి: మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు? దాని వెంటే మూడోది: మీ సహనానికి ధన్యవాదాలుగా ఫ్లోర్ మ్యాట్ల మీద పది శాతం తగ్గింపు. గ్యారేజీలోంచి బయటకు రాని కారుకి ఫ్లోర్ మ్యాట్లు! ఒళ్ళు మండిపోయింది. అదే రోజు మా ఆవిడ ఇన్‌స్టా ఖాతా నుంచి మీ పేజీకి "ఇదే కిట్ కొనాలనుకుంటున్నాం, స్టాక్ ఉందా?" అని మెసేజ్ పెట్టించాను. కాఫీ చల్లారక ముందే జవాబు. మనిషి జవాబు! పేరు పెట్టి పలకరించి, మన కార్ ఏ ఇయర్ అండీ అని అడిగి, బొమ్మలు కూడా పెట్టారు. అంటే మీ దగ్గర మనుషులున్నారు. డబ్బు ఇంకా ఇవ్వనివాళ్ళతో మాట్లాడటానికి మాత్రమే ఉన్నారు.

మీకు నేనెవరో గుర్తులేదు కాబట్టి చెబుతాను. ఈ కారు క్లచ్ మీ దగ్గరే కొన్నాను. హెడర్లు, క్యామ్, ఇప్పుడీ మేనిఫోల్డ్ అన్నీ మీ దగ్గరే. వేరే చోట తక్కువకి వస్తున్నా, మనవాడి కంపెనీ నిలబడాలని మీ దగ్గరే కొన్నాను. మా ఫ్రిస్కోలో మన కుర్రాళ్ళు మస్టాంగ్ కొన్నా కమారో కొన్నా "పార్టులు ఫలానా చోట తీసుకోండి రా" అని మీ పేరే చెప్పేవాణ్ణి. మొన్న ఉగాది సంబరాల్లో మీ స్టాల్ దగ్గర మీ యజమాని నా భుజం మీద చెయ్యి వేసి "మీలాంటి వాళ్ళ వల్లే ఈ కంపెనీ అన్నా" అన్నారు, పచ్చడి కప్పు కూడా చేతికిచ్చారు. ఆ భుజం ఇప్పుడు మీకు కనిపించడం లేదు.

ఇక సూటిగా. ఈ ఉత్తరాన్ని, మోసపూరిత వ్యాపారం నుంచి వినియోగదారుల్ని కాపాడే టెక్సస్ డిటిపిఏ చట్టం కింద అరవై రోజుల నోటీసుగా కూడా తీసుకోండి, ఇంగ్లీషు కాపీ రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. కార్డ్ కంపెనీలో ఆ బిల్లు మీద డిస్ప్యూట్ వేస్తున్నాను. అటార్నీ జనరల్ ఆఫీసుకి ఫిర్యాదు సిద్ధంగా ఉంది. ఇక్కడి జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా దావా వేయడానికి లాయర్ కూడా అక్కర్లేదని మీ లాయర్‌ని అడిగితే చెబుతాడు. ఇవన్నీ పోను, వచ్చే ఉగాదికి మీ స్టాల్ పక్కనే నేనొక టేబుల్ అద్దెకు తీసుకుంటాను. మీ హార్నెస్ టేబుల్ మీద పెట్టి, అడిగిన ప్రతివాడికీ మల్టీమీటర్ ఇచ్చి చూసుకోమంటాను.

ఏం కావాలో మళ్ళీ అడుగుతారేమో. సరైన హార్నెస్ పంపండి, లేదా ఆ కాగితం పంపండి, లేదా మొత్తం కిట్ డబ్బు, మేనిఫోల్డ్‌తో సహా, వెనక్కివ్వండి. నిజానికి ఇప్పుడు ఈ మూడూ ఇచ్చినా నాకు చాలదు. మీ యజమాని స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాలి. టికెట్ నంబర్ అడగకుండా.

సాయంత్రం ఆరు దాటాక చేయమనండి, ఎత్తుతాను. ఆ కాల్ నేను రికార్డ్ చేస్తాను. మీరు కూడా "నాణ్యత కోసం" ఎలాగూ చేస్తారు కదా, ఈసారి ఎవరైనా విని చూడండి.

ఇట్లు,
మీ ఒకప్పటి నమ్మకస్థుడైన కస్టమర్
ఫ్రిస్కో, టెక్సస్