ప్రయాణికుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఇంత ఎండలోనూ విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు.

సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. మామూలు పనులు మామూలుగానే సాగాయి. చలివేంద్రం ఉగాది నుంచి తొలకరి దాకా నడిచింది. విద్యార్థుల బస్ పాసుల ఇబ్బందులపై వినతిపత్రాలు ఇచ్చాం, కొన్ని ఫలించాయి. రాత్రి చివరి బస్సు వేళ మార్చాలన్న కోరిక ఇంకా కోరికగానే ఉంది. ఈసారి వివరంగా చెప్పుకోవలసింది బొమ్మల బోర్డుల సంగతి.

బస్టాండులో చదువు రానివారికి కూడా అర్థమయ్యే గుర్తులతో బోర్డులు తయారుచేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించినప్పుడు, అది ఒక పూటలో తేలిపోయే పని అని చాలామంది అనుకున్నారు. గీయడం నిజంగానే ఒక పూట పని. గీసింది ఎవరికి ఎలా అర్థమవుతోందో కనుక్కోవడానికి ఏడాదంతా పట్టింది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతమే. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక బస్సెక్కే మహిళల సంఖ్య బాగా పెరిగింది. ఉచితం పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకే పరిమితం. బోర్డు చదవలేక వేరే బస్సు ఎక్కి, కండక్టరు టికెట్టు అడిగాక తర్వాతి స్టేజీలో దిగిపోయిన వారి గోడు మీరూ వినే ఉంటారు.

మన సభ్యులైన విశ్రాంత డ్రాయింగు మాస్టారు కార్యవర్గానికి ఒక సాయంత్రం ఈ విద్య గురించి పాఠం చెప్పారు. 1920లలో వియన్నాలో ఒట్టో న్యూరాత్ అంకెల లెక్కలను బొమ్మల్లో చెప్పిన పద్ధతితో మొదలుపెట్టి, 1964 టోక్యో ఒలింపిక్స్ గుర్తుల మీదుగా అమెరికా దాకా తీసుకువెళ్లారు. అక్కడి రవాణా శాఖ కోసం 1974లో 34 గుర్తులు తయారయ్యాయట. 1979లో మరో 16 చేర్చారట. వాటిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని చెప్పగానే కోశాధికారి గారి ముఖం వెలిగింది. ఆ 50 గుర్తులతోనే మొదలుపెట్టాం.

పరీక్షించే పద్ధతి కూడా మాస్టారు నేర్పిందే. 'ఇది మరుగుదొడ్డే కదా' అని అడిగితే ఎవరైనా మర్యాదకు తల ఊపుతారు. బొమ్మ చూపించి 'ఇది ఏమిటి' అని మాత్రమే అడిగి ఊరుకోవాలి. చెప్పిన జవాబు చెప్పినట్టే రాసుకోవాలి. అమెరికాలో భద్రతా చిహ్నాలకు ఉన్న ప్రమాణం ప్రకారం 100 మందిలో 85 మందికి సరిగ్గా అర్థం కావాలి, ప్రమాదకరంగా తారుమారు చేసుకునేవారు 5 మందికి మించకూడదు. ఆ రెండో షరతే అసలైనదని మాకు పోనుపోను తెలిసింది. అర్థం కాని మనిషి పక్కవారిని అడుగుతాడు. తప్పుగా అర్థమైన మనిషి ధీమాగా అటే నడిచిపోతాడు.

మొదటి దెబ్బ మరుగుదొడ్ల బోర్డుకే తగిలింది. నిలువు గీతకు అటు మగవాడు, ఇటు ఆడమనిషి. దేవరకద్ర వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ దాన్ని తేరిపార చూసి, 'ఆలుమగలకు పడటం లేదా, మధ్యలో గోడ కట్టారు?' అని అడిగింది. ఆడమనిషిని గౌనుతో గీశారు కాబట్టి అది చిన్నపిల్ల అన్నవారు చాలామంది. చీర కట్టించాం. దగ్గరికి పైట బాగానే కనిపించింది, ప్లాట్‌ఫారం అవతలి నుంచి చూస్తే గౌనుకూ చీరకూ తేడా తెలియలేదు. చివరికి పనికి వచ్చింది కొప్పు. తల వెనుక ఒక గుండ్రని ముద్ద పెట్టగానే అందరూ ఆడవాళ్లది అనేశారు. బొట్టు, గాజులు కూడా పెడదామన్న ప్రతిపాదన వీగిపోయింది. దూరానికి కనిపించవు, పైగా బొట్టు అందరూ పెట్టుకోరు.

విచారణ కౌంటరుకు ప్రపంచమంతా వాడే 'ఐ' గుర్తు మనకు అక్కరకు రాలేదు. అదీ ఒక అక్షరమే, అందులోనూ ఇంగ్లీషుది. పోయిన సామాను గదికి పెట్టె మీద ప్రశ్నార్థకం వేస్తే అదీ అంతే, బడికి వెళ్లినవారికే తెలుస్తుంది. అంకెలు మాత్రం అలా కాదు. అక్షరాలు రానివారిలోనూ ఎక్కువమంది నోట్లతో, ఫోన్లతో అలవాటుపడి అంకెలు గుర్తుపట్టారు. అందుకే ప్లాట్‌ఫారం అంకెలను రెండింతలు పెద్దవి చేయాలని సిఫారసు చేస్తున్నాం. ముంబై, పుణె వలస వెళ్లి వచ్చిన మేస్త్రీలు మాత్రం అన్ని గుర్తులనూ గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. వారి జవాబులను వేరే కాగితం మీద రాసుకున్నాం, లేకపోతే ఫలితం ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది.

ఇక కురుమూర్తి జాతర. సంఘం ఈ ఏడాది గర్వంగా చెప్పుకోగల పని ఇదే. కార్తీకంలో జాతర బస్సులు ఆగేచోట గుడ్డ మీద గీయించిన బోర్డులు కట్టాం. నిలువుగా పైకి చూపే బాణానికి నేరుగా వెళ్లమని మన అర్థం. జనం తలెత్తి ఆకాశం చూశారు. చేయి చూపే బొమ్మ పెడదామంటే అది ఒక పార్టీ గుర్తు. అడుగుజాడలు గీయించాం. ఒక పెద్దాయన వాటిని తాకి కళ్లకు అద్దుకున్నారు. సరే అని చెప్పుల జాడలు గీయిస్తే, కొందరు ఇక్కడ చెప్పులు విడవాలేమోనని ఆగిపోయారు, కొందరు చేతులు జోడించారు. స్వామివారి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం జరిగే చోట చెప్పుల బొమ్మ పెడితే మరేం జరుగుతుంది! మళ్లీ బాణానికే వచ్చాం. అయితే మలుపు దగ్గరే కట్టి, పక్కకు తిప్పి, తోక పొడుగ్గా గీయించాం. అది పనిచేసింది.

ఏ ఊరి బస్సో తెలిసేలా ఊళ్లకు బొమ్మలు పెట్టాలన్న ఆలోచన మెక్సికో నగర మెట్రోది. 1969లో మొదలైన ఆ మెట్రోలో ప్రతి స్టేషనుకూ పేరుతోపాటు ఒక బొమ్మ ఉంటుంది. చాపుల్తెపెక్ స్టేషనుకు మిడత. తొలి మార్గాల బొమ్మలకు రూపకల్పన చేసింది లాన్స్ వైమన్. మనకు మహబూబ్‌నగర్ విషయంలో పేచీ లేదు, పిల్లలమర్రి. ఆత్మకూరుకు జూరాల ప్రాజెక్టు గేట్లు. నారాయణపేటకు చీర అనగానే గద్వాల సభ్యులు లేచి నిలబడ్డారు. ఆ చర్చ ఎలా సాగిందో హాజరైనవారికి గుర్తుండే ఉంటుంది, మినిట్స్ పుస్తకంలో ఒక్క వాక్యమే రాశాను. గద్వాలకు కోట ఇచ్చాం. వనపర్తికి రాజభవనం గీస్తే కోటకూ దానికీ తేడా కనిపించలేదు. అందుకే వనపర్తికి వేరుశనగ కాయ. దాన్ని గుర్తుపట్టనివారు జాతరలో ఒక్కరూ లేరు. చీకటిపడ్డాక 'చెట్టు బస్సు ఎటు?' అని అడుగుతూ ఒక కుటుంబం వచ్చింది. అప్పుడు మన డ్రాయింగు మాస్టారి ముఖం చూడవలసింది.

టాక్సీలకు కారు, సైకిల్ స్టాండుకు సైకిలు వేయడం మీద కార్యవర్గంలో నవ్వులాట జరిగింది. ఎన్నికల నియమావళి రాగానే వాటికి ముసుగు వేస్తారన్నారు ఉపాధ్యక్షులు. నవ్వులాట కాని మాట కూడా ఒకటి ఉంది. మన దేశంలో చదువు రాని ఓటరు 1951–52 ఎన్నికల నుంచి బొమ్మ చూసే ఓటు వేస్తున్నాడు. అంతటి దేశంలో బస్టాండు బోర్డు మాత్రం ఇప్పటికీ అక్షరాలనే నమ్ముకుంది.

ప్రథమ చికిత్సకు ఎర్ర శిలువ గుర్తు వాడటానికి చట్టం ఒప్పదని మన న్యాయవాది సభ్యులు ముందే హెచ్చరించారు. ఆకుపచ్చ మీద తెల్ల శిలువ వేయించాం. చక్రాల కుర్చీ బొమ్మ గీయించినా ఎక్కడా కట్టలేదు. వాలుదారి లేనిచోట ఆ బొమ్మ కడితే అబద్ధమే అవుతుంది. ఎండిన కుళాయి పక్కన గ్లాసు బొమ్మకూ ఇదే నియమం.

అధికారుల సంగతి. శాశ్వత బోర్డులకు, ఉచిత ప్రయాణం ఉన్న బస్సుల ముందు అద్దానికి ఒకే గుర్తు అంటించడానికి అనుమతి కోరాం. నమూనాలు ఇచ్చాం, మళ్లీ అడిగితే మళ్లీ ఇచ్చాం. ఫైలు పైకి వెళ్లిందని ప్రతిసారీ ఒకే జవాబు. పైకి చూపే బాణం ఎటు వెళ్లమంటుందో జాతర జనానికే కాదు, మాకూ అర్థం కావడం లేదు. ఒక అధికారి అయితే బొమ్మలు చూసి, కింద పెద్ద అక్షరాలతో పేర్లు రాస్తే బాగుంటుందని సలహా ఇచ్చారు.

సభ్యుల గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. జాతరకు రావాలని వాట్సాప్ బృందంలో కోరినప్పుడు బొటనవేలు బొమ్మ పెట్టినవారితో ఒక బస్సు నింపవచ్చు. వచ్చినవారు ఒక ఆటోలో సరిపోయారు. ఆ బొమ్మకు వస్తామని అర్థమో, చదివామని అర్థమో సభ్యులే తేల్చాలి.

వచ్చినవారికి మాత్రం ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. డ్రాయింగు మాస్టారికి, ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గినా మన గుడ్డల మీద కుంచె పట్టి రంగు ఖర్చు మాత్రమే తీసుకున్న పెయింటరు గారికి, జవాబులు రాసుకున్న డిగ్రీ కళాశాల విద్యార్థినులకు, విరామంలో టీ తాగకుండా మా బొమ్మలు చూసిన డ్రైవర్లకు, కండక్టర్లకు, కర్రలూ తాళ్లూ అరువిచ్చిన జాతర దుకాణదారులకు, రోజంతా టీ పోసి డబ్బులు తీసుకోని హోటలు యజమానికి, మహిళా సంఘాల అక్కలకు ధన్యవాదాలు. పెద్దమ్మలతో మాట కలపడం అక్కలు లేకపోతే మావల్ల అయ్యేది కాదు.

లెక్కలు ఆడిటరు గారు సరిచూశారు, పత్రం మీ చేతుల్లో ఉంది. చలివేంద్రం పద్దులో మిగిలింది బొమ్మల పద్దుకు మళ్లించాం, దాన్ని సభ ఆమోదించాలి. సభ్యత్వ రుసుము బకాయిదారుల జాబితా తలుపు పక్కన అంటించాం.

వచ్చే ఏడాదికి ప్రతిపాదనలు: ఎండకు ఎరుపు ముందే వెలిసిపోతోంది కాబట్టి నీలం, తెలుపులకు మారడం, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్‌లకు బొమ్మలు తేల్చడం (అక్కడి సభ్యులు ఈసారైనా సమావేశానికి రావాలి), అనుమతి వచ్చినా రాకపోయినా కురుమూర్తిలో మళ్లీ బోర్డులు కట్టడం. దీనికి పేర్లు ఇవ్వదలచినవారు కాగితం మీద సంతకం పెట్టాలి, ఫోనులో బొమ్మ చాలదు.

తదుపరి అంశం కార్యవర్గ ఎన్నిక. కార్యదర్శి పదవికి ఇప్పటిదాకా ఒక్క నామినేషను కూడా రాలేదు.

కార్యదర్శి